హైదరాబాదు నగరంలో నివాస మార్పులు, మాతృభాషలు

హైదరాబాదు నగర ప్రజల మాతృభాషలలో తెలుగు, ఉర్దూ ప్రధానమైనవి. వీటితో పాటు హిందీ, మరాఠీ, కన్నడం, తమిళం, గుజరాతీ, మలయాళం, బెంగాలీ, ఒడియా మొదలైన భాషలు మాతృభాషలుగా గలవారు కూడా నగరంలో ఉన్నారు. వీటిలో చాలా భాషలు వలసల ద్వారా ఇక్కడికి చేరినవే. ఏ భాషవారు ఏ పేటలో ఎందుకు స్థిరపడినారు, అక్కడి నుండి ఎటు కదలినారు, ఆ కదలిక తరువాత వారి పిల్లల భాష ఏమైనది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. జనాభా లెక్కలలో ఒక భాష శాతం పెరిగితే జనం ఆ భాషవైపు మొగ్గినారని, తగ్గితే ఆ భాషను విడిచినారని భావించడం పరిపాటి. హైదరాబాదు విషయంలో ఇటువంటి హెచ్చుతగ్గులకు ప్రజలు ఇండ్లు మారడమే చాలావరకు కారణం.

లెక్కలలో మాతృభాష, వలస

భారతదేశంలో 1881 నాటి జనాభా లెక్కల నుండి ప్రజల భాషను నమోదు చేస్తున్నారు. అయితే అడిగిన ప్రశ్న ప్రతిసారీ ఒకటే కాదు. 1901, 1911, 1921 లెక్కలలో "సాధారణంగా వాడే భాష" ఏది అని అడిగినారు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ మాట్లాడే గుమాస్తా ఈ ప్రశ్నకు ఏమని జవాబు చెప్పి ఉంటాడో ఊహించడం కష్టం. కావున ఆనాటి అంకెలను నేటి అంకెలతో నేరుగా పోల్చరాదు. ప్రస్తుత నిర్వచనం ప్రకారం బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష మాతృభాష. తల్లి శైశవంలోనే మరణించినచో, చిన్నతనంలో ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాషను మాతృభాషగా వ్రాసుకుంటారు. ఈ నిర్వచనం ప్రకారం మాతృభాష మనిషి జీవితకాలంలో మారదు. కుటుంబంలో భాష మారితే అది తరువాతి తరం లెక్కలలో మాత్రమే కనబడుతుంది.

వలసకు సంబంధించి మొదట జన్మస్థలాన్ని మాత్రమే కొలబద్దగా తీసుకునేవారు. 1971 నుండి గత నివాస స్థలాన్ని, 1981 నుండి వలసకు కారణాన్ని కూడా అడుగుతున్నారు. ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెండ్లి, కుటుంబంతో పాటు తరలిరావడం మొదలైనవి ఆ కారణాలు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. లెక్కకు ప్రమాణం గ్రామం లేదా పట్టణం. ఒకే పట్టణంలో ఒక పేట నుండి మరొక పేటకు ఇల్లు మారితే అది వలస క్రిందికి రాదు. 1995లో చిక్కడపల్లి నుండి కూకట్‌పల్లికి ఇల్లు మారిన కుటుంబం వలస వచ్చినట్లే, ఎందుకనగా అప్పుడు కూకట్‌పల్లి వేరే పురపాలక సంఘం. 2007లో రెండూ ఒకే నగరపాలక సంస్థలో చేరినవి. ఆ తరువాత అదే దారిన ఇల్లు మారినవారు వలస వచ్చినవారు కారు.

భాషల పేర్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. లంబాడీ, మార్వాడీ, భోజ్‌పురి వంటివి లెక్కల పట్టికలలో హిందీ శీర్షిక క్రింద చేరతాయి. కాబట్టి హైదరాబాదులో "హిందీ" అన్న అంకెలో బేగంబజారు వర్తకుని ఇల్లు, తండా నుండి వచ్చిన కూలీ ఇల్లు, బీహారు నుండి వచ్చిన తాపీ పనివాని గది మూడూ కలిసి ఉంటాయి.

పాతనగరపు పేటలు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నగరాన్ని నిర్మించేనాటికి చుట్టుపట్ల గ్రామాల భాష తెలుగు. కుతుబ్ షాహీల కాలంలో పారసీ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఫర్మానాలు వెలువడినవి. 1763లో నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మార్చినాడు. దర్బారుతో పాటు దానిపై ఆధారపడినవారందరూ కదలివచ్చినారు. దస్త్రాలు వ్రాసే కాయస్థులు, ఖత్రీలు, మరాఠీ మాట్లాడే లెక్కల ఉద్యోగులు, సిపాయిలు ఆ విధంగా వచ్చినవారే. కాయస్థులు చార్మినారు, షాలిబండ, హుసేనీ ఆలం ప్రాంతాలలో స్థిరపడి ఉర్దూ, పారసీలలో గొప్ప పండితులైనారు. వీరి చరిత్రను కేరెన్ లియొనార్డ్ అనే అమెరికా పరిశోధకురాలు 1978లో గ్రంథంగా ప్రకటించింది. వడ్డీ వ్యాపారులు బేగంబజారులోను, బ్రిటిషు రెసిడెన్సీ రక్షణ లభించే నేటి కోఠీ, సుల్తాన్ బజారులలోను ఉండేవారు. గౌలీగూడ, కాచిగూడ, సుల్తాన్ బజారు ప్రాంతాలలో మరాఠీవారు ఎక్కువగా ఉండేవారు. వివేకవర్ధిని పాఠశాల 1907లో అక్కడే వెలసినది. హద్రమౌత్ నుండి నిజాము సైన్యంలోకి వచ్చిన అరబ్బులు బార్కాస్‌లో స్థిరపడినారు. సైనిక నివాసాలకు గల 'బ్యారక్స్' అన్న పేరే ఆ విధంగా మారినది.

1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు వేరొక లోకం. బ్రిటిషు సైన్యంతో, దానికి సరుకులు అందించే గుత్తేదారులతో మద్రాసు నుండి తమిళులు వచ్చినారు. 1862లో ఇక్కడ మొదలై తరువాత మహబూబ్ కళాశాలగా పేరొందిన విద్యాసంస్థను స్థాపించినది సోమసుందరం మొదలియారు. పారశీకులు, గుజరాతీలు కూడా హైదరాబాదు కన్న సికింద్రాబాదులోనే అధికంగా స్థిరపడినారు.

ఇంతకూ రాజ్యంలో అందరికన్న ఎక్కువ మంది మాట్లాడే తెలుగు రాజధానిలో మాత్రం పై స్థానంలో లేదు. 1884లో పారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయినది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధించినది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రాంకోఠీలో ఏర్పడడానికి ఈ లోటే కారణం. 1921లో వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘ సంస్కార మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేసినారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టినది. సభ జరిగిన పేటలో మరాఠీవారు ఎక్కువ. తెలుగువారు నగరం చుట్టూ ఉన్నా, నగరం నడిబొడ్డున, చదువుకున్న వర్గంలో తక్కువగా ఉన్నందున ఇటువంటిది జరిగినది. మాడపాటి హనుమంతరావు మొదలైనవారు 1928లో తెలుగు బాలికల పాఠశాలను స్థాపించినారు. దానికి ఉస్మానియా గుర్తింపు లభించక, పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయవలసి వచ్చినది.

1948, 1956

1908 మూసీ వరదల తరువాత స్తోమత గలవారు నది ఉత్తరానికి, ఎత్తైన ప్రదేశాలకు మారసాగినారు. అయితే భాషల పొందికను మార్చినవి 1948, 1956 సంవత్సరాలు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పల్లెలు విడిచిన తెలుగు భూస్వాములు నగరంలో ఇండ్లు తీసుకున్నారు. 1948 సెప్టెంబరు తరువాత ఉర్దూ ఉద్యోగులు, విద్యావంతులు కొందరు పాకిస్తానుకు వెళ్ళిపోగా, జిల్లాల నుండి, ముఖ్యంగా మరాఠ్వాడా గ్రామాల నుండి, ప్రాణభయంతో ముస్లిం కుటుంబాలు నగరంలోకి వచ్చినవి. వెళ్ళినవారిది, వచ్చినవారిది ఒకటే మాతృభాష కావున లెక్కలలో ఈ రెండు కదలికలు ఒకదానినొకటి కప్పివేసినవి. వెళ్ళినవారు ఉద్యోగాలు చేసినవారు, వచ్చినవారు చాలావరకు నిలువ నీడ లేనివారు అన్న తేడా భాషా పట్టికలో కనిపించదు.

అదే కాలంలో ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు మద్రాసు మొదలైన ప్రాంతాల నుండి వచ్చినారు. 1952లో ముల్కీ ఉద్యమం దీనిపై వచ్చినదే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా కర్నూలు నుండి సచివాలయం, దానితో వేలాది తెలుగు కుటుంబాలు తరలివచ్చినవి. ఔరంగాబాదు, పర్భణీ, నాందేడు, బీడు, ఉస్మానాబాదు జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు మైసూరుకు చేరినవి. ఆ ప్రాంతాల ఉద్యోగులు కొందరు తమ రాష్ట్రాలకు వెళ్ళిపోయినారు. అప్పటివరకు నగరం మరాఠీ, కన్నడ జిల్లాల ప్రజలకు కూడా రాజధాని. చదువు, వ్యాజ్యం, ఉద్యోగం అన్నిటికీ వారు ఇక్కడికే రావలసి ఉండేది. 1956 తరువాత ఔరంగాబాదు యువకుడు బొంబాయి బండి ఎక్కినాడు. నగరంలో మరాఠీవారు, కన్నడిగులు మిగిలినారు గాని క్రొత్తగా వచ్చేవారి ప్రవాహం సన్నగిల్లినది. ఒక భాషా సమాజం క్షీణించడానికి ఉన్నవారు వెళ్ళిపోనక్కరలేదు, రావలసినవారు రాకపోయినా చాలు.

ఊరి దారి, ఇంటి దారి

1960 దశకంలో ప్రభుత్వ రంగ కర్మాగారాలు నగరం అంచులలో వెలసినవి. రామచంద్రాపురంలో భెల్, బాలానగరులో ఐ.డి.పి.ఎల్., తూర్పున 1967లో ఇ.సి.ఐ.ఎల్. వీటిలో ముఖ్యమైనవి. వీటి ఉద్యోగుల నివాసాలలో తెలుగువారి ప్రక్కన తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, ఉత్తరాదివారు చేరినారు. పాతనగరంలో భాషకు ఒక పేట ఉండగా, ఈ టౌన్‌షిప్పులలో హోదాకు ఒక వరుస ఉన్నది. ప్రక్క ఇంటివారి భాష ఏదైనా కావచ్చును, జీతం మాత్రం ఇంచుమించు ఒకటే.

క్రొత్తగా వచ్చే తెలుగువారు మాత్రం సొంత ఊరికి పోయే బస్సు ఏ వైపు నుండి బయలుదేరుతుందో ఆ వైపు ఇల్లు చూసుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది. విజయవాడ రహదారిపై దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం వైపు నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాలవారు, వరంగల్లు రహదారిపై ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు వరంగల్లు, నల్లగొండలవారు, బెంగుళూరు రహదారి వైపు మహబూబ్‌నగర్ జిల్లావారు, బొంబాయి రహదారిపై పటాన్‌చెరు వైపు మెదక్, బీదరు ప్రాంతాలవారు స్థిరపడినారు. కూకట్‌పల్లి గృహనిర్మాణ మండలి కాలనీలో కోస్తా జిల్లాలవారు అధికంగా చేరడం ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. అక్కడ కర్మాగారాల ఉద్యోగాలు, ముందుగా వచ్చిన బంధువుల పిలుపు ఎక్కువ పనిచేసినవి. వీరందరి మాతృభాష తెలుగే కావున జనాభా లెక్కలు వీరిని ఒకే గంపలో వేస్తాయి. నాలుగు యాసలవారు ఒక వీధిలో కలిసినపుడు పిల్లల నోట ఏ యాస నిలిచిందన్నది లెక్కలకు అందని విషయం, కాని 1969 నుండి 2014 వరకు నగర రాజకీయాలలో దానికి ఉన్న బరువు తక్కువది కాదు.

పాతనగరం నుండి కూడా ఇండ్లు కదలినవి. 1978 నుండి 1990 వరకు పలుమార్లు జరిగిన మత ఘర్షణల వలన షాలిబండ, అలియాబాదు వంటి పేటలలోని హిందూ కుటుంబాలు నగరం ఇతర భాగాలకు మారినవి. మిశ్రమ బస్తీలలో ఉండే ముస్లిం కుటుంబాలు కొన్ని పాతనగరానికి మారినవి. ఆర్థికంగా నిలద్రొక్కుకున్న ఉర్దూ కుటుంబాలు మెహదీపట్నం, టోలీచౌకీ వైపు వెళ్ళినవి. గల్ఫ్ దేశాల సంపాదనతో కట్టిన ఇండ్లు ఈ ప్రాంతాలలో చాలా ఉన్నవి. కాయస్థ కుటుంబాల వారసులు కూడా పాత హవేలీలు విడిచి నగరమంతటా విస్తరించినారు. తాతలు ఉర్దూలో కవిత్వం చెప్పిన ఇండ్లలో మనుమలు తమ మాతృభాష హిందీ అని వ్రాయించడం కద్దు.

1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కొండాపురం, గచ్చిబౌలి ప్రాంతాలకు దేశం నలుమూలల నుండి ఉద్యోగులు వచ్చినారు. వారి భవనాలు కట్టడానికి మొదట పాలమూరు కూలీలు, తరువాత ఒడిషా, బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ కూలీలు వచ్చినారు. 2014 రాష్ట్ర విభజన, 2016లో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు అమరావతికి తరలడం వలన కొన్ని వేల కుటుంబాలు కదలినా, ఆ రాకపోకలు తెలుగువారి మధ్యనే జరిగినందున భాషా పట్టికలపై వాటి ప్రభావం స్వల్పం.

జిల్లా సరిహద్దు చేసిన మాయ

హైదరాబాదు జిల్లా అంటే నగరంలోని పాత భాగం మాత్రమే. 1978లో దాని చుట్టూ రంగారెడ్డి జిల్లా ఏర్పడినది. హైదరాబాదు జిల్లా జనాభా 2001లో 38,29,753, 2011లో 39,43,323. పదేండ్లలో పెరుగుదల మూడు శాతం లోపే. అదే కాలంలో రంగారెడ్డి జిల్లా 35,75,064 నుండి 52,96,741కి, అనగా 48 శాతం పెరిగినది. పుట్టినవారి సంఖ్య నుండి చనిపోయినవారి సంఖ్య తీసివేసినా పదేండ్లలో ఏ నగరమైనా మూడు శాతం కన్న ఎక్కువే పెరుగుతుంది. కనుక ఆ దశాబ్దంలో హైదరాబాదు జిల్లాలోకి వచ్చినవారి కన్న బయటికి పోయినవారు ఎక్కువ అన్నది స్పష్టం. వారిలో అత్యధికులు పోయినది దేశాంతరం కాదు, పది పదిహేను కిలోమీటర్ల దూరంలోని శివారు కాలనీలకు.

2011లో హైదరాబాదు జిల్లాలో ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు 43 శాతం. ఈ అంకెను చూసి నగరంలో తెలుగు తగ్గిపోతున్నదని వాపోయినవారు కలరు. ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఒక పేటలో నూరు ఇండ్లు ఉండగా యాభై తెలుగువారివి, యాభై ఉర్దూవారివి అనుకుందాము. తెలుగువారిలో ఇరవై ఇండ్లవారు శివారులో స్థలం కొని వెళ్ళిపోయినారు. మిగిలిన ఎనభై ఇండ్లలో ఉర్దూవారి వంతు అరవై రెండున్నర శాతం అవుతుంది. ఒక్క ఉర్దూ కుటుంబమైనా క్రొత్తగా రాలేదు, ఒక్కరైనా తెలుగు మరువలేదు. ఆ ఇరవై ఇండ్లు చేరిన రంగారెడ్డి కాలనీలో తెలుగు శాతం అదే సమయంలో పెరిగి ఉంటుంది. రెండు జిల్లాలనూ కలిపి చూస్తే తప్ప నగరం భాషా స్థితి తెలియదు.

2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి మహా హైదరాబాదు నగరపాలక సంస్థను ఏర్పాటు చేసినారు. 2011లో దాని జనాభా 67 లక్షలకు పైగా ఉన్నది. సంస్థ పరిధి విస్తరించినా జిల్లా ఎల్లలు అలాగే ఉన్నవి. 2016 అక్టోబరులో రంగారెడ్డి జిల్లాను విభజించగా నగరం శివార్లు మేడ్చల్, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల మధ్య పంపకమైనవి. ఇకముందు వచ్చే జిల్లావారీ భాషా పట్టికలు మరింత జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది.

బడిలో మాతృభాష

ఈ అంకెలు పండితుల చర్చకు పరిమితమైనవి కావు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రకారం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రం కృషి చేయాలి. 1949లో విద్యామంత్రుల సమావేశం నిర్ణయించిన ప్రమాణం మేరకు పాఠశాల మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాషవారు ఉంటే ఆ భాషా బోధకుని నియమించాలి.

నివాస మార్పు దెబ్బ తీసేది ఇక్కడనే. కాచిగూడలో ఒకే వీధి చుట్టూ ఉన్న నలభై మంది మరాఠీ పిల్లలకు బడి దొరుకుతుంది. ఆ నలభై మందే పది కాలనీలలో చెదిరిపోతే, నగరంలో మరాఠీవారి సంఖ్య ఒక్కటి కూడా తగ్గకపోయినా, ఏ బడిలోనూ నలుగురికి మించి ఉండరు. బడి పోయిన తరువాత ఆ భాష ఇంట్లో మాటగా మిగులుతుంది, వ్రాత పోతుంది. సికింద్రాబాదు తమిళ కుటుంబాలలో నాలుగవ తరంవారు చాలామంది తమిళం మాట్లాడగలరు గాని చదవలేరు, తెలుగు లేక హిందీ చదువుతారు. ఉర్దూ సంగతి కొంత వేరు. పాతనగరంలో ఉర్దూవారు ఒకేచోట అధికంగా ఉన్నందున బడి, పత్రిక, అంగడి బోర్డు అన్నీ నిలిచినవి. శివారు అపార్టుమెంట్లలోని ఉర్దూ పిల్లల పరిస్థితి మాత్రం కాచిగూడ విడిచిన మరాఠీ పిల్లల పరిస్థితికి దగ్గరగా ఉన్నది.

అందరికన్న ఇబ్బంది పడేది ఇటుక బట్టీల కూలీల పిల్లలు. ఒడిషా పశ్చిమ జిల్లాల నుండి వచ్చే ఈ కుటుంబాలు వర్షాలు తగ్గిన తరువాత వచ్చి ఎండాకాలం చివర వెళ్ళిపోతాయి. విద్యాసంవత్సరం మధ్యలో రావడం, మధ్యలో పోవడం వలన పిల్లలు రెండు రాష్ట్రాల బడులకూ దూరమవుతారు. నగరం చుట్టుపట్ల కొన్ని బట్టీల వద్ద ఒడియాలో బోధించే ఏర్పాటు జరిగినది. జనాభా గణన ఫిబ్రవరిలో జరిగినందున వీరు ఇక్కడి లెక్కలోకి వచ్చి ఉండాలి, కాని వర్షాకాలంలో వెదికితే ఆ బట్టీల వద్ద ఒడియా మాట వినబడదు.

తెలుగు పిల్లల విషయంలో ఇల్లు మారడం కన్న మాధ్యమం మారడం పెద్ద సంగతి. తెలంగాణలో అన్ని పాఠశాలల్లో తెలుగును తప్పనిసరిగా బోధించాలని 2018లో చట్టం వచ్చినది. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టినారు. మొదటి చట్టం వలన ఇతర భాషలవారి పిల్లలకు తెలుగు అక్షరాలు వస్తున్నవి. రెండవ నిర్ణయం వలన తెలుగువారి పిల్లలు లెక్కలు, సామాన్య శాస్త్రం తెలుగులో చదవడం తగ్గుతున్నది. జనాభా లెక్కలలో మాత్రం ఈ పిల్లలందరూ తెలుగు మాతృభాషగా గలవారుగానే నమోదవుతారు.

2021లో జరగవలసిన జనాభా గణన వాయిదా పడినది. తదుపరి గణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా ప్రభుత్వం 2025లో ప్రకటించినది. అందువలన నగరంలో మాతృభాషలకు సంబంధించి అధికారికంగా లభించే అంకెలు 2011 నాటివే. శివారు ప్రాంతాలలో ఆ తరువాత కట్టిన ఇండ్లలో ఉన్నవారెవరూ వారి నేటి చిరునామాలతో ఆ అంకెలలో లేరు.